ఎనిమిది రొట్టెలు - ఎనిమిది నాణేలు

ఇద్దరు బాటసారులు కలిసి ప్రయాణం చేస్తున్నారు. మధ్యాహ్నమైనది. ఒక చెట్టు నీడన కూర్చుండి మూటలు విప్పినారు. మొదటివాని మూటలో ఐదు రొట్టెలున్నవి. రెండవవాని మూటలో మూడు. ఇంతలో మూడవవాడొకడు ఆ దారిన వచ్చినాడు. అతని వద్ద తినుటకు ఏమీ లేదు. వీరు అతనిని కూడ కూర్చుండబెట్టుకొన్నారు. ఎనిమిది రొట్టెలను ముగ్గురూ సమానంగా తిన్నారు. వచ్చినవాడు లేచి పోతూ ఎనిమిది నాణేలు అక్కడ ఉంచి, "నేను తిన్నదానికి ఇవి మీరు తీసుకొనండి" అని చెప్పి తన దారిన పోయినాడు. ఆ ఎనిమిది నాణేలను ఇద్దరూ ఎట్లు పంచుకోవలెను?

ఈ లెక్కను తరగతిలో ఇచ్చి చూడండి. ఎక్కువమంది విద్యార్థులు వెంటనే "ఐదు రొట్టెలవానికి ఐదు, మూడు రొట్టెలవానికి మూడు" అంటారు. రొట్టెకొక నాణెం చొప్పున సరిపోయినది కదా! ఒకరిద్దరు "చెరి నాలుగు" అంటారు. కాగితం మీద వేసి చూచినవారు మాత్రం "ఏడు, ఒకటి" అంటారు. లెక్కల పుస్తకాలలో చివర అచ్చువేసే జవాబు ఈ మూడవదే. మిగిలిన రెండూ తప్పు. అంతటితో గంట కొడతారు, తరగతి ముగుస్తుంది.

కాని అది అంత సులభంగా ముగిసే తగవు కాదు. "చెరి నాలుగు" అని వ్రాసిన విద్యార్థి, "ఎందుకు?" అని అడిగినప్పుడు ఒక కారణం చెప్పగలిగినాడనుకొండి. అతనికి సున్న వేయుట న్యాయమేనా? ఈ ప్రశ్నకు సమాధానం వెదికితే, పంపకాల గణితంలో 20వ శతాబ్ది చివరి భాగంలో గాని తేలని ఒక చిక్కు దగ్గరకు వెళ్ళి తేలుతాము.

ముందుగా పుస్తకపు జవాబు చూతము. ఒక్కొక్క రొట్టెను మూడు ముక్కలు చేసినామనుకొనండి. మొత్తం 24 ముక్కలు. ముగ్గురూ సమానంగా తిన్నారు గనుక తలకు 8 ముక్కలు. ఐదు రొట్టెలవాడు తెచ్చినవి 15 ముక్కలు. తాను తిన్నవి 8. కావున అతిథికి పెట్టినవి 7. మూడు రొట్టెలవాడు తెచ్చినవి 9, తిన్నవి 8, పెట్టినది ఒక్కటే ముక్క. అతిథి తిన్న 8 ముక్కలకు 8 నాణేలు ఇచ్చినాడు. ముక్కకొక నాణెం. కాబట్టి 7, 1.

ఈ లెక్క చాల పాతది. పీసా పట్టణానికి చెందిన లియొనార్డో, ఫిబొనాచ్చి అని మనకు తెలిసినవాడు, 1202లో వ్రాసిన 'లిబర్ అబాకి' గ్రంథంలో ఇది ఉన్నది. అక్కడ రొట్టెలు మూడు, రెండు; వచ్చినవాడొక సైనికుడు; ఇచ్చినవి ఐదు నాణేలు. ఇద్దరూ 3, 2 చొప్పున పంచుకొన్నారట. అది సరియేనా అని ప్రశ్న. కాదు, 4, 1 చొప్పున పంచుకోవలెనని లియొనార్డో తీర్పు. ఐదు, మూడు రొట్టెల కథ అరబ్బు దేశాల సంప్రదాయంలో ఖలీఫా అలీ తీర్చిన తగవుగా చెప్పబడుతున్నది. ఆ కథలో ఇంకొక సొగసు ఉన్నది. ఐదు రొట్టెలవాడు మంచితనంతో మూడు నాణేలు ఇవ్వజూపితే, రెండవవాడు "నాకు నాలుగు కావలెను" అని తగవుకు పోయి, చివరకు ఒక్క నాణెంతో ఇంటికి పోయినాడు!

ఏదైన ఒక పంపకపు సూత్రం మంచిదా కాదా అని తెలిసికొనుటకు గణితజ్ఞులు చేసే పని ఒకటి ఉన్నది. అంకెలను మార్చి చూస్తారు. ఇచ్చిన లెక్కలో నోరు మెదపని సూత్రం, అంకెలు మారినప్పుడు తన గుట్టు బయట పెట్టుకొనును. మన లెక్కలో ఒకని వద్ద నాలుగు, రెండవవాని వద్ద రెండు రొట్టెలున్నవనుకొందము. మొత్తం ఆరు, తలకు రెండు. రెండు రొట్టెలవాడు తన రెండూ తానే తిన్నాడు. అతిథి తిన్న రెండు రొట్టెలూ మొదటివానివే. అతిథి ఆరు నాణేలు ఇచ్చినాడు. "రొట్టెకొక నాణెం" అనే సూత్రం ప్రకారం రెండవవానికి రెండు నాణేలు రావలెను. అతిథికి ఒక్క ముక్కయైనా పెట్టనివానికి రెండు నాణేలా? 5, 3 అన్న విద్యార్థి ఇక్కడ తడబడతాడు. ఈ ఒక్క ఉదాహరణతోనే చాలమంది 7, 1 పక్షానికి వస్తారు.

అయితే ఇదే పరీక్ష 7, 1 పక్షానికి కూడ పెట్టవలెను కదా. ఈసారి రొట్టెలు ఐదు, ఒకటి. మొత్తం ఆరు, ముక్కలు 18, తలకు 6. ఒక్క రొట్టెవాడు తెచ్చినవి మూడు ముక్కలు, తిన్నవి ఆరు. అనగా తోడువాని రొట్టెలలోనుండి మూడు ముక్కలు తిన్నాడు. అతిథి ఆరు ముక్కలకు ఆరు నాణేలు ఇచ్చిపోయినాడు. "ఎవరు ఎవరికి ఎంత పెట్టినారు" అనేదే సూత్రమైతే, ఐదు రొట్టెలవాడు ఆరు నాణేలు తీసికొనుటయే గాక, తోడువాని వైపు తిరిగి, "నీవు నావి మూడు ముక్కలు తిన్నావు, మూడు నాణేలు తీయి" అనవలెను. లెక్క ప్రకారం అది సరియే. కాని పొద్దుటినుండి కలిసి నడచిన మిత్రుని వద్ద అన్నం డబ్బులు వసూలు చేయుటను మన ఊళ్ళలో ఏ పెద్దమనిషి ఒప్పుకొనును? ఇంతకు ముందు ధైర్యంగా 7, 1 అన్నవారు కూడ ఇక్కడ కొంచెం వెనుకాడుతారు.

ఎందుకు వెనుకాడుతారో తరచి చూడండి. 7, 1 లెక్కలో పైకి చెప్పని ఒక ఊహ ఉన్నది. రొట్టె నోటిలోనికి పోయేవరకు ఎవరి రొట్టె వారిదే అని ఆ ఊహ. ఇద్దరు మిత్రులూ తమ మూటలను కలుపుకొనలేదు. ఎవరిది వారు తిని, మిగిలినది అతిథికి పెట్టినారు. కథలో ఈ మాట ఎక్కడా లేదు. మనమే చేర్చినాము.

దానికి బదులు ఇంకొక ఊహ చేయవచ్చును. అతిథి రాకముందే ఇద్దరూ మూటలు కలిపివేసి, "చెరిసగం తిందాము" అనుకొన్నారనుకొనండి. ప్రయాణాలలో సామాన్యంగా జరిగేది ఇదే. అతిథి రాకపోయినట్లయితే చెరి నాలుగు రొట్టెలు, అనగా చెరి 12 ముక్కలు తినేవారు. అతిథి వచ్చినందువలన చెరి 8 ముక్కలే తిన్నారు. ఎవరి కడుపుకు ఎంత తక్కువైనది? ఇద్దరికీ సమానంగా నాలుగేసి ముక్కలు! అతిథి కొరకు ఇద్దరూ వదలుకొన్నది సమానమైనప్పుడు నాణేలు కూడ చెరి నాలుగు కావలెను. ఐదు రొట్టెలవాడు తోడువానికి ఒక రొట్టె అదనంగా ఇచ్చినమాట నిజమే. కాని అది వారిద్దరి స్నేహానికి సంబంధించిన విషయం. అతిథి వచ్చుటకు ముందే జరిగిపోయినది. "చెరి నాలుగు" అన్న విద్యార్థి ఈ మాట చెప్పగలిగితే అతనికి నిండు మార్కులు ఇవ్వవలెనని నా అభిప్రాయం.

మరి 5, 3 సంగతి? దానిని కూడ వట్టి తొందరపాటు అని త్రోసివేయలేము. ఇది వర్తకుల ఉమ్మడి పెట్టుబడి సూత్రం. భాస్కరాచార్యుడు 1150లో రచించిన 'లీలావతి'లో ఇట్టి లెక్క ఒకటి ఉన్నది. ముగ్గురు వర్తకులు 51, 68, 85 నాణేలు పెట్టుబడి పెట్టి వ్యాపారం చేయగా మొత్తం 300 అయినది. ఎవరి వంతు ఎంత? పెట్టుబడుల మొత్తం 204. ఆ నిష్పత్తిలో పంచితే 75, 100, 125. దీనిని ప్రక్షేపక గణితమన్నారు. భాస్కరునికి ముందే 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు 'గణిత సార సంగ్రహం'లో ఈ పద్ధతిని వివరించినాడు. దానినే మన పావులూరి మల్లన తెనిగించినాడు. రొట్టెలను ఉమ్మడి పెట్టుబడిగా భావించి, ఇద్దరి భోజనాన్ని ఉమ్మడి ఖర్చుగా వ్రాసికొని, వచ్చిన ఎనిమిది నాణేలను లాభంగా తీసికొంటే 5, 3 చక్కగా సరిపోవును. కాని భోజనాన్ని ఎవరి ఖాతాలో వారికి ఖర్చు వ్రాసినారంటే మాత్రం జవాబు మారిపోవును. ముక్క వెల నాణెం చొప్పున ఉమ్మడి సరుకు విలువ 24. అందులో వంతులు 15, 9. ఎవరి భోజనం 8 వారి వంతులోనుండి తీసివేస్తే మిగిలేది 7, 1! ఒకే భాగస్వామ్యం, ఒకే నిష్పత్తి. ఖర్చు వ్రాసే ఖాతా మారగానే జవాబు ఒక కొననుండి రెండవ కొనకు పోయినది.

కావున మూడు జవాబులలోను కూడికలు, తీసివేతలు సరిగానే ఉన్నవి. తేడా ఉన్నది లెక్కకు ముందున్న ఒప్పందంలో. ఏది ఎవరిది, ఎప్పటినుండి ఉమ్మడి, దేనికి ఖర్చు వ్రాయవలెను అనే సంగతులను కథ చెప్పలేదు. చెప్పనిదానిని వినేవాడు తనకు తోచినట్లు పూరించుకొన్నాడు.

రెండవ తగవు ఒకటి చూతము. ఇందులో రొట్టెలు లేవు గాని, చిక్కు అదే జాతికి చెందినది. యూదుల ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నా సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చబడినది. దాని మీద వచ్చిన విస్తారమైన చర్చలే తాల్ముద్. మిష్నాలో ఒక వస్త్రపు తగవు ఉన్నది. ఇద్దరు ఒక వస్త్రాన్ని పట్టుకొని వచ్చినారు. ఒకడు "ఇదంతా నాదే" అంటాడు. రెండవవాడు "ఇందులో సగం నాది" అంటాడు. సాక్ష్యం లేదు. న్యాయాధికారి ఎట్లు పంచవలెను?

ప్రక్షేపక పద్ధతిలోనైతే కోరికల నిష్పత్తి ఒకటికి సగం, అనగా 2 : 1. మొదటివానికి మూడింట రెండు పాళ్ళు, రెండవవానికి మూడింట ఒక పాలు. దీనినే మనము దామాషా పద్ధతి అంటాము. మిష్నా తీర్పు అది కాదు. మొదటివానికి ముప్పాతిక, రెండవవానికి పావు! దాని వెనుక నున్న వాదన ఇది: సగం మాత్రమే తనదన్నవాడు, మిగిలిన సగం ఎదుటివానిదని తానే ఒప్పుకొన్నాడు. ఆ సగం మీద తగవే లేదు. దానిని ముందు మొదటివానికి ఇచ్చివేయండి. తగవున్నది మిగిలిన సగం మీద మాత్రమే. దానిని చెరిసగం చేయండి.

ఇది రొట్టెల లెక్కలో 7, 1 అన్నవాని పోకడయే కదా! అక్కడ ఎవరు తిన్నది వారికి తీసివేసి, అతిథికి చేరినదానినే లెక్కలోనికి తీసికొన్నారు. ఇక్కడ తగవు లేని భాగాన్ని తీసివేసి, తగవున్నదానినే పంచినారు. దామాషా పక్షంవారు రెండు చోట్లా మొత్తాన్నే పట్టుకొన్నారు.

మిష్నాలోనే ఉన్న మరియొక తీర్పు శతాబ్దాల తరబడి పండితులను తికమక పెట్టినది. ఒకనికి ముగ్గురు భార్యలు. వివాహ సమయపు ఒప్పందం ప్రకారం అతడు మరణిస్తే ఒకామెకు 100, రెండవ ఆమెకు 200, మూడవ ఆమెకు 300 ఇవ్వవలెను. అతడు మరణించినాడు. మిగిలిన ఆస్తి అప్పులకు చాలదు. ఆస్తి 100 మాత్రమే అయితే ముగ్గురికీ సమానంగా 33⅓ చొప్పున ఇవ్వవలెనన్నారు. ఆస్తి 300 అయితే 50, 100, 150. ఆస్తి 200 అయితే 50, 75, 75.

మొదటిది సమభాగం. మూడు వందల పంపకం దామాషా. మరి రెండు వందలకు చెప్పిన 50, 75, 75 ఏ సూత్రం? ఒకే ధర్మశాస్త్రం, ఒకే పుట, మూడు దారులు! వ్రాయసకాని పొరపాటేమో అన్నవారున్నారు. ఏదో ప్రత్యేక సందర్భానికి చెప్పినదని సరిపెట్టినవారున్నారు. 1982లో బారీ ఓనీల్ అనే పండితుడు ఇట్టి తాల్ముద్ తగవులను గణిత సమస్యలుగా ముందుకు తెచ్చినాడు. 1985లో రాబర్ట్ ఔమన్, మైకేల్ మాష్లర్ అనే ఇద్దరు గణితజ్ఞులు ముడి విప్పినారు. ఔమన్‌కు తరువాత 2005లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చినది; అది ఇందుకు గాక, ఆటల సిద్ధాంతంలో ఆయన చేసిన వేరొక కృషికి.

వారు చెప్పినది ఆశ్చర్యం కలిగించేటంత చిన్న సంగతి. ముగ్గురిలో ఏ ఇద్దరినైనా తీసికొనండి. వారిద్దరికీ కలిపి వచ్చినదానిని ఒక వస్త్రమనుకొని, వస్త్రపు తగవు తీర్చినట్లు తీర్చండి. ఆ పుటలో ఉన్న అంకెలే వచ్చును. 200 ఆస్తిలో మొదటి ఇద్దరికీ కలిపి వచ్చినది 125. వందే తనదన్న ఆమె, మిగిలిన 25 మీద తగవు లేదని ఒప్పుకొన్నట్లే. ఆ 25 రెండవ ఆమెకు ముందే పోయినది. 200 రావలసిన ఆమె ఏమీ ఒప్పుకొనలేదు. 125 అంతా తనదే అంటుంది. మిగిలిన 100 చెరిసగం: 50, 50. కావున 50, 75. రెండవ, మూడవ వారిని తీసికొంటే, ఇద్దరి మధ్య 150, ఇద్దరూ మొత్తం తమదే అంటున్నారు, చెరి 75. ఇక 300 ఆస్తిలో రెండవ, మూడవ వారికి కలిపి 250. రెండవ ఆమె ఒప్పుకొన్నది 50. మిగిలిన 200లో చెరి వంద. కావున 100, 150. మిగిలిన జంటలను విద్యార్థులే సరిచూచుకొనవచ్చును. అన్నీ కుదురును. దామాషా వలె కనబడినది దామాషా కాదు. సమభాగం వలె కనబడినది సమభాగమూ కాదు. మూడు దారులని భ్రమ పడినది ఒకే దారి.

ఇట్లు ప్రతి జంటకూ కుదిరే పంపకం ఇంకొకటి కూడ ఉండవచ్చునేమో అని శంకించేవారుందురు. ఉండదు. నిరూపణ పై తరగతుల విద్యార్థికి అందేటంత సులభమైనది. ఒకే ఆస్తికి అట్టి పంపకాలు రెండున్నవనుకొందము. మొత్తం ఒకటే కావున, రెండవ పంపకంలో ఎవరికో ఒకరికి ఎక్కువ వచ్చి ఉండవలెను, వేరొకరికి తక్కువ వచ్చి ఉండవలెను. ఆ ఇద్దరినీ జంటగా తీసికొనండి. వస్త్రపు సూత్రంలో ఒక గుణమున్నది: ఇద్దరి మధ్య ఉన్న మొత్తం పెరిగితే ఏ ఒక్కరి వంతూ తగ్గదు; మొత్తం తగ్గితే ఏ ఒక్కరి వంతూ పెరగదు. రెండవ పంపకంలో ఈ జంట మొత్తం పెరిగినదా, లేక అంతే ఉన్నదా? అట్లయితే ఒకరి వంతు తగ్గుట అసంభవం. తగ్గినదా? అట్లయితే ఇంకొకరి వంతు పెరుగుట అసంభవం. కావున రెండవ పంపకం లేనే లేదు.

దీనిని కంటికి కనబడేటట్లు చూపించే ఉపాయమొకటి ఉన్నది. మారెక్ కమిన్‌స్కీ అనే ఆయన 2000లో ప్రచురించినాడు. అడుగున గొట్టంతో కలిపిన పాత్రలలో నీరు ఒకే మట్టంలో నిలుచునని భౌతికశాస్త్రంలో చదివినాము కదా. ఒకే ఎత్తుగల మూడు గాజు పాత్రలు తీసికొనండి. ఎత్తు 300 భాగాలనుకొందము. మూడవ పాత్ర అడుగునుండి అంచు దాకా ఒకే వెడల్పు. రెండవదానికి అడుగున 100 భాగాల ఎత్తువరకు అదే వెడల్పు. తరువాత వంద భాగాలు సూదివంటి సన్నని గొట్టం. పైన మళ్ళీ వంద భాగాలు పూర్తి వెడల్పు. మొదటిదానికి అడుగున 50, పైన 50 మాత్రమే వెడల్పు. నడుమ రెండు వందల భాగాలు సన్నని గొట్టం. ప్రతి పాత్ర యొక్క పరిమాణం రావలసిన బాకీకి సమానం. అందులో సగం అడుగున, సగం పైన ఉన్నవి. మూడింటినీ అడుగున కలిపి నీరు పోయండి. నీరే ఆస్తి.

వంద పోస్తే మూడింటిలోను మట్టం 33⅓. ఇంకను పోయగా మొదటి పాత్ర క్రింది భాగం 50 దగ్గర నిండిపోవును. అటుపైన సన్నని గొట్టంలో నీరు ఎక్కును గాని అది లెక్కకు రానంత స్వల్పం. కాబట్టి తరువాతి నీరంతా మిగిలిన రెండింటికే పోవును. రెండు వందలకు మట్టం 75 దగ్గర నిలుచును: 50, 75, 75. మూడు వందలకు 150 దగ్గర: 50, 100, 150. నాలుగు వందలు పోస్తే మట్టం 225కు పోవును. అప్పుడు వంతులు 50, 125, 225. ఇక్కడ రావలసినవానిలో లోటు ఎంతో చూడండి: 50, 75, 75! లోటు 200 అయినప్పుడు లోటును పంచిన తీరు, ఆస్తి 200 అయినప్పుడు ఆస్తిని పంచిన తీరు ఒక్కటే. సగానికి లోపల లాభాన్ని ఎట్లు చూచినారో, సగానికి పైన నష్టాన్ని అట్లే చూచినారు. వడ్రంగం పనివాని సాయంతోనో, ప్లాస్టిక్ గొట్టాలతోనో ఈ పరికరాన్ని బడిలో చేయించవచ్చును. సన్నని గొట్టం ఎంత సన్నగా ఉంటే అంత మంచిది, కాని మరీ సన్నగా ఉంటే కేశాకర్షణ వలన మట్టం తప్పును.

ఇంత చక్కని పద్ధతి ఉండగా ప్రపంచంలో న్యాయస్థానాలన్నీ దీనినే అనుసరించుచున్నవా? లేదు. దివాలా తీసినవాని ఆస్తిని, మన మాటలో ఐ.పి. పెట్టినవాని ఆస్తిని, అప్పులవారికి పంచేటప్పుడు సామాన్యంగా దామాషాయే వాడుతారు. మన దేశంలో 2016లో వచ్చిన దివాలా చట్టం 53వ సెక్షను బాకీలను తరగతులుగా విభజించి వరుస నిర్ణయించినది. ఒక తరగతిలోని వారందరికీ పూర్తిగా చెల్లించుటకు చాలకపోతే వారికి సమాన నిష్పత్తిలో చెల్లించవలెనని చెప్పినది. దీనికి మంచి కారణమే ఉన్నది. అంకెలు మార్చి చూచే పరీక్షను తాల్ముద్ సూత్రానికి కూడ పెట్టినామంటే అది తెలియును.

ఆస్తి 200. 300 రావలసిన ఋణదాత కొంచెం తెలివైనవాడు. తన బాకీని మూడు వందలుగా చీల్చి, బావమరిది పేరునొకటి, మేనల్లుని పేరునొకటి బినామీగా వ్రాయించినాడు. ఇప్పుడు ఋణదాతలు ఐదుగురు: 100, 200, 100, 100, 100. పాత్రలు ఐదు, ఎవ్వరికీ సగం నిండకముందే నీరు అయిపోవును, తలకు 40. మన తెలివైనవానికి మూడు పేర్ల మీద 120! నిజాయితీగా ఉన్నట్లయితే వచ్చేది 75 మాత్రమే. దామాషాలోనైతే అతని వంతు 200లో సగం, అనగా 100. ఒక పేరు మీద ఉన్నా, మూడు పేర్ల మీద ఉన్నా మారదు. తమాషా ఏమనగా, ఆస్తి 500 అయినప్పుడు ఈ ఎత్తు బెడిసికొట్టును. చీల్చకపోతే అతనికి 266⅔ రావలసినది, చీల్చినందున 240 మాత్రమే వచ్చును. కాని ఆస్తి ఎంత తేలుతుందో ముందుగా తెలిసినవానికి ఇది అడ్డంకి కాదు. భార్యలను చీల్చుట సాధ్యం కాదు గనుక ఆనాటి ధర్మశాస్త్రజ్ఞులకు ఈ భయం లేకపోవచ్చును. అప్పుపత్రాలకు మాత్రం ఈ భయం ఎప్పుడూ ఉన్నది.

తగవు లేనిదానిని ముందు తీసి పక్కన పెట్టుట అనే ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. కృష్ణా జలాల పంపకానికి ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో నివేదిక ఇచ్చినది, 1976లో ముగించినది. ఆధారపడదగిన నీరు 2060 టి.ఎం.సి.లుగా నిర్ణయించి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించినది. రాష్ట్రాలు కోరినదానిని దామాషాగా కోసివేయుట కాదు ఆ పంపకం. అప్పటికే ప్రాజెక్టుల క్రింద వాడుకలో నున్న నీటిని ముందు కాపాడి, మిగిలిన నీటి మీద కోరికలను తరువాత విచారించినారు. 2014లో రాష్ట్ర విభజన తరువాత వచ్చిన వాదాలలో కూడ ఏది ముందు పక్కన పెట్టవలెను అనే ప్రశ్నకే పెద్ద పీట. నిష్పత్తి కట్టుట దాని తరువాతి పని.

ఉపాధ్యాయులకు తరగతిలో వాడుకొనుటకు ఒక లెక్క ఇస్తాను. బాటసారులు ముగ్గురు, వారి రొట్టెలు 5, 4, 3. నాలుగవవాడు అతిథిగా వచ్చినాడు. నలుగురూ సమానంగా, అనగా మూడేసి రొట్టెలు తిన్నారు. అతిథి 12 నాణేలు ఇచ్చిపోయినాడు. ఎవరు పెట్టినది వారికే అన్నప్పుడు అతిథికి పెట్టిన రొట్టెలు 2, 1, 0. కావున నాణేలు 8, 4, 0. ముందే మూటలు కలిపినారంటే తలకు నాలుగు రొట్టెలు తినవలసినవారు మూడే తిన్నారు. అందరూ ఒక్కొక్క రొట్టె వదలుకొన్నారు. 4, 4, 4. పెట్టుబడి లెక్కన 5, 4, 3. నాలుగు రొట్టెలవానికి మూడు విధాల లెక్కలోను నాలుగు నాణేలే వచ్చుచున్నవి. అతనికి ఏ పేచీ లేదు. తరగతిని రెండు పక్షాలుగా చేసి, ఒకరిని ఐదు రొట్టెలవాని పక్షాన, ఇంకొకరిని మూడు రొట్టెలవాని పక్షాన వాదించమనండి. పేచీ లేని నాలుగు రొట్టెలవానిని న్యాయాధికారిగా కూర్చుండబెట్టవచ్చును. వాదన మొదలు పెట్టుటకు ముందు ప్రతి పక్షమూ, కథలో లేకుండా తాము చేర్చుకొన్న మాట ఏదో నల్లబల్ల మీద వ్రాయవలెనని మాత్రం నియమం పెట్టండి.